మరమరాల పొయ్యి మీద కొండ

ముప్పై ఒక్క ఏళ్ళు కొండల వయసు కట్టే చోట పని చేశాను గాని, కొండని దగ్గర నుంచి చూసిన మనిషిని కాను. పుట్టింది ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్‌లో. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి లోకో షెడ్డు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మా నాన్న అదే షెడ్డులో ఫిట్టర్‌గా రిటైరయ్యాడు. మూడో తరంలో నేను రైలు వదిలి రాళ్ళు పట్టుకున్నాను. హిజ్లీ వైపు రాళ్ళని పరీక్షించే ఒక ల్యాబులో అసిస్టెంటుని. ఏ ల్యాబో చెప్పను, మనుషుల పేర్లూ చెప్పను. వాళ్ళలో చాలామంది ఇంకా ఉద్యోగాల్లో ఉన్నారు. హిమాలయాల అడుగున దొరికే రాళ్ళు గోనెసంచుల్లో నా దగ్గరికే వచ్చేవి, కాబట్టి నన్ను అక్కడికి పంపాలని ఎవరికీ తోచలేదు.

ఈ మధ్య ఆ ల్యాబులో కొత్తగా చేరినవాళ్ళు ఇంటికి వచ్చారు. సర్వీసులో మీరు చేసిన గొప్ప పని ఏదని అడిగారు. గొప్ప పనులు సార్లు చేస్తారు, మేము కడుగుతాం, ఎండబెడతాం అన్నాను. నవ్వారు. కానీ ఎండబెట్టడంలోనే నా సర్వీసంతా ఉంది. వాళ్ళకి సగం చెప్పి ఆపేశాను. మిగతా సగం కూడా చెప్పాలని ఇది రాస్తున్నాను.

ముందు పని ఏమిటో చెప్పాలి, లేకపోతే తప్పు ఏమిటో అర్థం కాదు. కొండ ఒకపక్క పైకి లేస్తుంటే ఇంకోపక్క వాన, మంచు, ఏరు దాన్ని అరగదీస్తూ ఉంటాయి. అరిగినదంతా ఇసుకై కొండ కింద పొరలు పొరలుగా పడి, కాలం గడిచాక రాయవుతుంది. ఆ రాతిలో అపటైట్ అనే ఖనిజం రేణువులు కొన్ని ఉంటాయి. పంచదార పలుకులో పదో వంతు కూడా ఉండవు. వాటి లోపల పిసరంత యురేనియం ఉంటుంది. అది పగిలినప్పుడల్లా రేణువులో ఒక సన్నటి గీత పడుతుంది. భూమి లోతున వేడిలో ఉన్నంతకాలం ఆ గీత పడుతూనే చెరిగిపోతుంది. కొండ లేచి, పైనున్నది అరిగిపోయి, ఆ రేణువు చల్లటి చోటికి చేరాక పడిన గీతలు మాత్రం నిలుస్తాయి. యాసిడ్‌లో ముంచి, మైక్రోస్కోపు కింద పెట్టి ఆ గీతల్ని లెక్కపెడితే, రేణువు చల్లబడి ఎంతకాలమైందో తెలుస్తుంది. దాన్నిబట్టి కొండ ఎప్పుడు లేచిందో, ఎంత జోరుగా లేచిందో చెబుతారు. మళ్ళీ గట్టి వేడి తగిలిందంటే గీతలు కురచవుతాయి, కొన్ని పూర్తిగా పోతాయి. ఈ చివరి వాక్యం ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు.

రాయి పగలగొట్టడం, జల్లించడం, కడగడం, బరువు రేణువుల్ని తేలిక రేణువుల నుంచి విడదీయడం, కనురెప్ప వెంట్రుక అంటించిన పుల్లతో ఒక్కొక్క అపటైట్ రేణువునీ ఏరడం, ఇదంతా నా పని. నాకు పని నేర్పిన పెద్దాయన ఒక బెంగాలీ దాదా, ఇప్పుడు లేడు. ఆయన నాకు రెండే సూత్రాలు చెప్పాడు. ఒక రాతి రేణువు ఇంకో రాతిలో కలవకూడదు. ఎండబెట్టే పళ్ళెం మీద చెయ్యి ఆనించి పది లెక్కపెట్టగలగాలి, అంతకన్నా వేడి పనికిరాదు. ఎక్, దుయి, తీన్ అంటూ ఆయనే నా చెయ్యి పట్టుకుని లెక్కపెట్టించాడు.

మొదటి సూత్రంలో నన్ను మించినవాడు లేడని నాకు పొగరు. ప్రతి జల్లెడనీ మూడుసార్లు కడిగేవాణ్ణి. వేరే ఊళ్ళ నుంచి కూడా రాళ్ళు నా చేతికే పంపేవారు. ఆ పొగరే నన్ను ముంచింది.

తెలంగాణ నుంచి ఒక అమ్మాయి రీసెర్చికి వచ్చింది, వరంగల్ దగ్గర పల్లె. వచ్చిన మొదటి వారంలోనే నన్ను కాకా అని పిలవడం మొదలుపెట్టింది. బెంగాలీ వాళ్ళు కూడా చిన్నాన్నని కాకా అనే అంటారు కాబట్టి, వచ్చీ రాగానే మా భాష నేర్చేసుకుందని వాళ్ళు మురిసిపోయారు. నా 'ఏటి' విని ఆమె నవ్వేది, ఆమె 'ఏంది' విని నేను నవ్వేవాణ్ణి. కొండ కింద ఒకదాని మీద ఒకటి ఉన్న ఏడు పొరల నుంచి ఏడు బస్తాల రాళ్ళు తెచ్చింది. ఎండలో పడి తానే మోసుకొచ్చింది. ఆ ఏడు పొరలూ వరసగా కొండ ఎలా లేచిందో చెప్పాలి, అదే ఆమె థీసిస్.

అయిదు సంచుల పని పూర్తయింది. పైనుంచి మూడోది, నాలుగోది మిగిలాయి. శ్రావణం ముసురు. ఓవెన్ కాలిపోయింది, బాగుచేయించమని పెట్టిన కాగితం ఏదో బల్ల మీద పడుకుని ఉంది. రేణువుల్ని వేరే ఊరి ల్యాబుకి పంపే పెట్టె సోమవారం వెళ్ళాలి, తప్పితే మళ్ళీ ఆరు నెలలు ఆగాలి. అమ్మాయి డెంగీతో హాస్టల్లో పడి ఉంది. ఫోన్ చేసి, ఎట్ల కాకా అని అడిగింది. నేను చూసుకుంటానన్నాను. కడిగిన ఇసుక ఫ్యాను కింద మూడు రోజులున్నా ఆరలేదు. చెమ్మ ఇసుకని విడదీయడం కుదరదు.

ప్రేమ్ బజార్ వెనక సందులో సాలువా వైపు నుంచి వచ్చే ఒక దీదీ మరమరాలు వేయించేది. ఇక్కడివాళ్ళు ముడీ అంటారు, పొద్దున అదే, సాయంత్రం అదే. పెద్ద మూకుడులో ఇసుక కాచి, అందులో బియ్యం పోసి తిప్పుతుంది. చిటపటమని పేలగానే జల్లించి తీస్తుంది. ఆ శనివారం నేను ఆ ఇసుక చూశాను. ఇసుకని ఎండబెట్టడానికి ఇంతకన్నా మంచి చోటు ఎక్కడుంటుంది అనిపించింది.

ఇంటికెళ్ళి రెండు స్టీలు టిఫిన్ గిన్నెలు తెచ్చాను. ఒక్కో సంచిలో కడగ్గా మిగిలిన ఇసుకని ఒక్కో గిన్నెలో పోసి, మూతలు పెట్టి, దీదీ మూకుడులోని ఇసుకలో సగం దాకా గుచ్చాను. ఆమె ఇసుక నా ఇసుకలో ఒక్క పలుకు కూడా పడకుండా చూసుకున్నాను. వాన దంచుతోంది. దీదీ మరమరాల్లో ఆవనూనె, పచ్చిమిరపకాయ వేసి ఇచ్చింది. తింటూ కూర్చున్నాను, మాటల్లో గంటన్నర గడిచింది. చెయ్యి ఆనించి లెక్కపెట్టలేదు. తెలియక చేశానని రాస్తే నాకు సుఖంగా ఉంటుంది, కానీ తెలుసు. ఈ ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నాను. సోమవారం పెట్టె వెళ్ళింది. రిజిస్టరులో ఎండబెట్టిన పద్ధతి రాసే గడిలో, చేతి అలవాటు కొద్దీ ఆ రెండు సంచులకీ 'ఓవెన్' అని రాసేశాను.

ఆ తర్వాత రెండేళ్ళు నాకు ఆ గిన్నెలు గుర్తే లేవు.

ఆ రెండేళ్ళలో ఏం జరిగిందో తర్వాత కూడగట్టుకున్నాను. ఏడు పొరల్లో అయిదు బుద్ధిగా వరసలో వచ్చాయి. మూడోదీ నాలుగోదీ మాత్రం వరస తప్పాయి. వాటిలో గీతలు తక్కువ, ఉన్నవీ కురచ. అంటే ఆ రెండు పొరలకీ ఎప్పుడో గట్టి వేడి తగిలింది. లోతుకి వెళ్ళేకొద్దీ వేడి పెరగాలి కదా, మరి వాటి కిందనున్న పొరలు చల్లగా ఎలా ఉన్నాయి? అమ్మాయికి గైడైన మా సార్ దానికి ఒక దారి ఆలోచించారు. కొండ లేస్తున్నప్పుడు నేల చీలి, ఆ చీలికలోంచి మరిగే నీళ్ళు అడ్డంగా ఆ రెండు పొరల్లోకి దూరి ఉంటాయని. అమ్మాయి ఆ వేడినీళ్ళ జాడ కోసం మళ్ళీ రెండుసార్లు కొండ కిందికి వెళ్ళింది. జాడ దొరకలేదు. దొరకకపోయినా అధ్యాయం రాసింది, ఎందుకంటే అంకెలు ఉన్నాయి, అంకెలు అబద్ధం చెప్పవు కదా.

థీసిస్ ఇచ్చే ముందు ల్యాబులో అందరి ముందూ ఒకసారి చెప్పి చూపించాలి. ఆ రోజు లైట్లు ఆర్పడం, వెయ్యడం నా డ్యూటీ. వెనక స్విచ్చుల దగ్గర నిలబడ్డాను. ఆమె తెర మీద ఏడు పొరల బొమ్మ చూపించి, ఈ రెండింటికి తగిలిన వేడి చాలా గట్టిది, చాలా కొద్దికాలానిది, భూమి లెక్కలో రెప్పపాటు అంది. పక్కనే సంచుల నంబర్లు ఉన్నాయి. ఆ నంబర్లు ముసురులో తడిచేత్తో నేను రాసినవి. నోట్లోకి దీదీ మరమరాల ఆవనూనె రుచి వచ్చింది. లైట్లు వెయ్యమని సార్ రెండుసార్లు అడిగే దాకా నేను కదల్లేదు.

చప్పట్లు కొట్టారు. ఇది విదేశంలో చెప్పదగిన సంగతి అన్నారు సార్. అమ్మాయి నా దగ్గరికి వచ్చి, ఎట్లున్నది కాకా అని అడిగింది. బాగుందన్నాను.

మూడు రోజులు అలాగే ఉన్నాను. రిటైర్మెంటుకి అయిదు నెలలు. రిజిస్టరులో ఉన్నది నా రాతే, పైగా తప్పుడు రాత. మెమో ఇస్తే చివరి రోజుల్లో తల ఎక్కడ పెట్టుకోవాలి? భయపడ్డాను, ఇందులో దాచడానికి ఏమీ లేదు. మూడో రోజు మధ్యాహ్నం మా ఆవిడ పళ్ళెం ముందు కూచోబెట్టి, ఏటయిందని నిలదీసింది. మొత్తం చెప్పాను. ఆమె రైల్వే ఆసుపత్రిలో నర్సుగా చేసింది, తప్పు మందు పడితే ఏమవుతుందో చూసిన మనిషి.

"నువ్వు సెప్పకపోతే ఆ పిల్ల ఆ అబద్ధాన్నే బతుకంతా పాఠం సెప్పుకుంటాది," అంది. "లెగు. సైకిలు తియ్యి."

అమ్మాయి మైక్రోస్కోపు దగ్గర ఉంది. స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"వేడినీళ్ళూ కాదు, ఏటీ కాదమ్మా. ఆ రెండు సంచులూ నేనే ముడీ పొయ్యి మీద ఎండబెట్టినాను. గంటన్నర ఉంచేసినాను. సెయ్యి ఆనించి సూడలేదు."

ఆమె మైక్రోస్కోపు లైటు ఆర్పింది. తర్వాత నా వైపు తిరిగింది.

"రెండేండ్లు కాకా. రెండేండ్లు ఆ నీళ్ళ ఎనుక తిరిగిన నేను."

లేచి వెళ్ళిపోయింది. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది.

సార్‌కి నేనే వెళ్ళి చెప్పాను. ఆయన నమ్మలేదు. రిజిస్టరు తెప్పించి, ఓవెన్ అని మీ చేతిరాతే ఉంది కదా అన్నారు. ఓవెన్ అప్పటికే కాలిపోయింది, ఇప్పటికీ బాగవలేదు, రిపేరు ఫైలు చూడండి అన్నాను. ఫైలు చూశారు. అయినా తల ఊపలేదు. సందులోని పొయ్యికి అంత సత్తా ఉంటుందా, రెండేళ్ళ కిందటి జ్ఞాపకాన్ని నమ్మి అధ్యాయం కొట్టెయ్యమంటారా అని అడిగారు. అప్పుడు కోపం వచ్చింది గాని, ఇప్పుడు ఆలోచిస్తే ఆయన మాట న్యాయం. నేను చెప్పాను కాబట్టి నిజమైపోదు. నా తప్పుని కూడా నేను రుజువు చెయ్యాలి. ఆ గదిలోంచి బయటికి వచ్చేటప్పుడే నిశ్చయించుకున్నాను, ఉన్న అయిదు నెలలూ దీనికే అని.

ప్రతి పొర నుంచీ ఒక రాయి పగలగొట్టకుండా దాచడం నా అలవాటు. మెట్ల కింద ట్రేల్లో వెతికాను. నాలుగో పొర రాయి దొరికింది. మూడోది లేదు. రెండు రోజులు దుమ్ములో పాకులాడాను. చివరికి స్టోరు రూము తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టిన రాయిని కాలితో జరిపితే, దాని అడుగున తెల్ల పెయింటుతో మూడో పొర నంబరు కనిపించింది. ఎవరు పెట్టారో అడగలేదు, అది నేనే అయి ఉంటానని అనుమానం.

అయిదో రోజు పొద్దున నేను రాయి పగలగొడుతుంటే అమ్మాయి వచ్చి ఎదురుగా నిలబడింది. ముక్కుకి గుడ్డ కట్టుకుని జల్లెడ అందుకుంది. క్షమించాననీ అనలేదు, నేనూ అడగలేదు. ఇద్దరం కలిసి కడిగాం, చెయ్యి ఆనించి పది లెక్కపెట్టి ఎండబెట్టాం. వానలు మళ్ళీ మొదలయ్యాయి. ఆరడానికే మూడు వారాలు పట్టింది. తొందరపడదామని ఇద్దరిలో ఎవరమూ నోరు తెరవలేదు.

ఆరిన ఇసుకని సగానికి పంచాను. ఒక సగం అలాగే ఉంచాం. రెండో సగాన్ని మళ్ళీ కాస్త తడిపి, అవే టిఫిన్ గిన్నెల్లో పోసుకుని దీదీ దగ్గరికి వెళ్ళాం. సంగతి చెబితే ఆమెకి ఆ రోజు బాగా గుర్తుంది. మీ గిన్నెల వల్ల ఆ పూట నాకు ఒక మూకుడు తక్కువైంది అంది. ఆ రోజు ఎండు సాల ఆకులు, కట్టెలు వేశానని, అవే వేస్తానని, గ్యాసు పొయ్యి మీద చేస్తే ఒప్పుకోనని ఆమే పట్టుబట్టింది. వేడి కొలిచే తీగని గిన్నె మూతకి చిల్లు పెట్టి లోపలికి దింపాం. సార్ కూడా గొడుగు పట్టుకుని సైకిల్ మీద వచ్చారు. వస్తారని నేను అనుకోలేదు.

అమ్మాయి మీటరు చూసి అంకెలు పైకి చదువుతోంది, సార్ రాసుకుంటున్నారు. నీళ్ళు ఉన్నంతసేపు అంకె ఒకచోట ఆగింది. నీళ్ళు ఇంకాక ఎక్కడం మొదలైంది. నూటయాభై డిగ్రీలు దాటింది, రెండొందలు దాటింది. ఇంకా ఎక్కుతుంటే అమ్మాయి చదవడం మానేసి మీటరు సార్ వైపు తిప్పింది. మూడొందలకి కాస్త ఇటుగా నిలబడింది. నేను మూత తీసి, గిన్నె అంచుకి చెయ్యి ఆనించాను. ఎక్ అనేలోపే చెయ్యి వెనక్కి వచ్చేసింది, బొబ్బ లేచింది.

"ఏం చేస్తున్నావు దాదా," అంది దీదీ. "బియ్యం పేలే వేడి ఇది. ఇందులో నీ కొండ ఎలా బతుకుతుంది?"

సార్ పెన్ను మూశారు. ఇంకా గీతలు లెక్కపెట్టలేదు, లెక్క తేలాక మాట్లాడదాం అన్నారు. కానీ వెళ్ళేటప్పుడు మొదటిసారిగా నా భుజం మీద చెయ్యి వేశారు.

రెండు సగాల నుంచీ రేణువులు ఏరి మైక్రోస్కోపు కింద పెట్టే పలకలు చేశాను. ఏది ఏదో రాయలేదు. ఒకదాని మీద 'అ', ఇంకోదాని మీద 'ఆ' అని మాత్రం రాసి, ఏది పొయ్యిదో ఒక కాగితం మీద రాసి మా చర్చి పాస్టరు గారికి కవరులో ఇచ్చాను. తెలిసి లెక్కపెడితే కళ్ళు మనకి కావలసిందే చూస్తాయి. కొలతల కోసం పెట్టె మళ్ళీ వేరే ఊరు వెళ్ళి వచ్చింది. అమ్మాయి రోజూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా గీతలు లెక్కపెట్టింది, మూడు వారాలు. నాకు సర్వీసు ఇంక పది రోజులే ఉందనగా ల్యాబు గుమ్మంలో వచ్చి నిలబడింది.

"'అ' మంచిగున్నది. మిగిలిన అయిదు పొరల లెక్కనే ఉన్నది. 'ఆ' మాత్రం అచ్చం పాతదే. అయే కురచ గీతలు." ఊపిరి తీసుకుంది. "'ఆ' ఏంది కాకా?"

"'ఆ' అన్నది పొయ్యిదమ్మా," అన్నాను. కవరు తెప్పించి విప్పాం. అదే ఉంది.

ఆమె నా స్టూలు మీద కూలబడింది. కళ్ళు తుడుచుకుని, "అయితే కొండకేం కాలే," అంది. నాకూ ఏడుపొచ్చింది. నిమ్మళంగా, వరసలో, అన్ని పొరల్లాగే లేచిన కొండ. చీలికలూ లేవు, మరిగే నీళ్ళూ లేవు. విదేశంలో చెప్పుకోవడానికి ఏమీ లేదు. మరమరాల పొయ్యి మీద నేను కల్పించిన సంగతి అక్కడితో చచ్చిపోయింది. సార్ ఆ అధ్యాయం తీసేసి, ఆ మధ్యాహ్నమే ఓవెన్ ఫైలు చంకలో పెట్టుకుని ఆఫీసులో సంతకం పడేదాకా నిలబడ్డారట. కొత్త ఓవెన్ నేను రిటైరయ్యాక వచ్చింది, నాకు వాడే భాగ్యం లేదు.

ఆఖరి రోజున రిజిస్టరు తీసి, 'ఓవెన్' అన్న మాటని ఒక్క గీతతో కొట్టేసి, పక్కన 'మరమరాల పొయ్యి, గంటన్నర' అని రాసి సంతకం పెట్టాను. కొత్తగా చేరినవాళ్ళు ఆ పేజీ చూసే ఉంటారు. మెమో రాలేదు. వచ్చినా తీసుకునేవాణ్ణి.

అమ్మాయి థీసిస్ ఏడు నెలలు ఆలస్యమైంది. చిత్తుప్రతిలో ఆమె 'తయారీలో లోపం' అని మెత్తగా రాసింది, నా కోసమే. నేను ఒప్పుకోలేదు. నా పేరు అక్కర్లేదు గాని పొయ్యి పేరు రాయమన్నాను, రేపు ఇంకెవరైనా ఇంకో పొయ్యి మీద పెట్టకుండా ఉంటారని. రాసింది. వేడి, సమయం, చోటు అన్ని గడులతో ఒక పట్టికే వేసింది.

వైవా రోజున నన్ను పిలిచింది. రిటైరైనవాణ్ణి కాబట్టి ఈసారి స్విచ్చుల దగ్గర కాకుండా కుర్చీలో కూర్చున్నాను. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు ఆ పట్టిక దగ్గర ఆగాడు. ఈ పొయ్యి సంగతి ఎలా పట్టుకున్నారు, ఏ పరికరంతో అని అడిగాడు. పరికరం ఏదీ కాదు, చేసినాయనే వచ్చి చెప్పిండు అని నా వైపు చూపించింది. ఆయన నన్ను లేవమన్నాడు. లేచాను. మీరు చెప్పకపోతే ఇది ఎవరికైనా తెలిసేదా అని అడిగాడు. నేను హిందీలో జవాబిచ్చాను, ఇక్కడ మా మాటల్లో రాస్తున్నాను.

"తెలిసేది కాదు సార్. అందుకే సెప్పినాను."